నాలుగో స్క్రూ

మా వదిన ఎవరినీ నమ్మదు. ఆడపడుచుని కదా, ఆ మాత్రం అంటుందిలే అనుకోకండి. మా వీధిలో ఎవరినడిగినా ఇదే చెబుతారు. కూరగాయలు తూస్తుంటే కాటా కిందికి వంగి చూస్తుంది. గోడగడియారం ఆగిపోతే కొత్త బ్యాటరీ వేసి ఊరుకోదు, పాతదాన్ని ఇంకో గడియారంలో పెట్టి అది నిజంగానే అయిపోయిందా అని తేల్చుకుంటుంది. ఆమె మొగుడు, అంటే మా అన్నయ్య, స్కూలు వ్యాను నడుపుతాడు. ఏ రోజైనా ఆలస్యమై "ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయానే" అన్నాడనుకోండి, "ఏ సందులో?" అని అడుగుతుంది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం.

అయితే ఆమె చేసే పనికి ఆ గుణం ఉండాల్సిందేనని నేనూ ఒప్పుకుంటాను. వదిన కంప్యూటర్లు బాగు చేస్తుంది. "అంతా బాగానే ఉంది" అని ఎవరు చెప్పినా నమ్మకపోవడమే ఆ పనిలో సగం విద్య. మా కొట్టు ఒక పాత మేడ రెండో అంతస్తులో, ఒకే ఒక్క పొడుగాటి గది. గది మధ్యలో వదిన బల్ల, తలుపు పక్కన నా కౌంటరు. వచ్చిన మిషన్ తీసుకుని, చీటీ రాసి, కబుర్లతో కస్టమర్‌ని కూర్చోబెట్టడం నా ఉద్యోగం. ఆమె చేతులతో పనిచేస్తుంది, నేను నోటితో పనిచేస్తాను. అన్నయ్య నాకు రేడియో అని పేరు పెట్టాడు. వదినా అలాగే పిలుస్తుంది.

మా దగ్గరికి ఎక్కువగా వచ్చేది వేడెక్కే రోగం. కంప్యూటర్‌లో ఆలోచించే ముక్కని ప్రాసెసర్ అంటారు. బిస్కెట్టంత కూడా ఉండదు కానీ పని పెరిగేసరికి పెనంలా కాలుతుంది. ఆ వేడిని లాగడానికి దాని మీద రేకుల దిమ్మె ఒకటి, దిమ్మె నెత్తిన ఫ్యాను. రెండూ కలిపి కూలర్. ఎండాకాలం గదిలో పెట్టుకునే కూలర్ అనుకుని మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చేవాళ్ళని వారానికొకరిని నేను వెనక్కి పంపుతుంటాను. ఇది సరిగ్గా కూర్చోకపోతే వేడి హద్దు దాటి మిషన్ తనంతట తానే ఆరిపోతుంది.

వదిన కూలర్ బిగిస్తుంటే చూడాలి. ప్రాసెసర్ నుంచి దిమ్మెకి వేడి దాటించే పేస్టు ఒకటుంటుంది. పాతబడిన ఆ పేస్టుని స్పిరిట్ దూదితో తుడిచి, ప్రాసెసర్ మీది సన్న అక్షరాలు కనిపించేదాకా వదలదు. నడిమధ్యన బఠాణీ గింజంత కొత్త పేస్టు పెడుతుంది. దిమ్మెని పక్కకి జరక్కుండా నిటారుగా దించుతుంది. ఆ తర్వాత నాలుగు మూలలా నాలుగు స్క్రూలు. ఒకదాన్ని రెండు చుట్లు తిప్పి, దాని ఎదురు మూలకి వెళ్ళాలి; మళ్ళీ ఇంకో మూల, దాని ఎదురు మూల. ఇలా తిరుగుతూ తిరుగుతూ ఒక్కో స్క్రూ ఇక తిరగనని మొరాయించేదాకా బిగించాలి. అప్పుడే బరువు నాలుగు మూలలా సమానంగా పడి, పేస్టు పల్చగా పరుచుకుంటుంది.

అంతా అయ్యాక, నెయిల్ పాలిష్. గోళ్ళకి కాదు, స్క్రూలకి. ఒక్కో స్క్రూ తల మీద సగం, పక్కన రేకు మీద సగం పడేలా చుక్క పెడుతుంది. ఎవరైనా విప్పితే ఆ చుక్క విరుగుతుంది, దొంగ దొరుకుతాడు. నెలకో రంగు మారుస్తుంది, ఎప్పుడు బిగించిందో రంగుని బట్టే చెప్పేస్తుంది. ఈ మధ్య ఆ సీసా మూత సరిగ్గా బిగించకుండా వదిలేసి పాలిష్ చిక్కబడేలా చేస్తోందని నాకు మంట. సీలు వెయ్యగా మిగిలింది నా గోళ్ళకే కదా.

ఈ విద్యంతా ఆమెకి నేర్పింది నిదానం బాబాయ్. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. నిదానమే ప్రధానం అనేది ఆయన ఊతపదం కావడంతో అదే పేరైపోయింది. రేడియోల కాలం నుంచి రిపేర్లు చేస్తున్న మనిషి. ఆయన కొట్టున్న మేడని పడగొట్టాక వెళ్ళడానికి చోటు లేకపోతే, మూడేళ్ళ కిందట వదినే పిలిచి కిటికీ దగ్గర బల్ల వేయించింది. ఎవర్నీ నమ్మని మనిషి ఆయనకి కొట్టు తాళంచెవి కూడా ఇచ్చింది. మొత్తం మూడు తాళంచెవులు: ఆమెదొకటి, నాదొకటి, ఆయనదొకటి. ఆయన ఎనిమిదింటికే వచ్చి తలుపు తీసి, ఊడ్చి, కిటికీ తెరిచి ఉంచేవాడు. మేము ఇంటి పని ముగించుకుని తొమ్మిదిన్నరకి చేరేవాళ్ళం.

సాయంత్రం బిగించిన మిషన్‌కి పొద్దున్నే పరీక్ష పెట్టాలనేది కూడా బాబాయ్ పెట్టిన పద్ధతే. పేస్టు సర్దుకోవడానికి ఒక రాత్రి ఇవ్వాలంటాడు. పొద్దున వదిన వచ్చాక మిషన్‌కి ఊపిరాడనంత పని అప్పజెప్పి, వేడి ఎంతవరకు ఎక్కుతుందో గంటసేపు చూసేది. ఎప్పుడూ పాసే. "నా చెయ్యి పడితే అంతే" అనేది. బాబాయ్ కిటికీ దగ్గర తల వంచుకుని ఏదో గీకుతుండేవాడు.

పోయిన వానాకాలం వదిన కొట్టు మెట్ల మీద జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు వేసుకుని ఇంట్లో కూర్చుంటే కొట్టంతా బాబాయే చూసుకున్నాడు. కట్టు విప్పిన మర్నాడే ఆమె బల్ల దగ్గరికి వచ్చేసింది. అప్పట్నుంచి ఇంట్లో మాత్రం కొంచెం మహారాణి వేషాలు మొదలయ్యాయని నాకు అనిపించింది. కాఫీ పొడి సీసా తెచ్చి నా ముందు పెట్టి "మూత తియ్యవే రేడియో" అనేది. నేను తీసి ఇచ్చి, అటు తిరిగి మూతి తిప్పుకునేదాన్ని. మనసులో మాట దాచుకోవడం నాకు చేతకాదు. అన్నయ్యతోనూ అన్నాను, "నీ పెళ్ళానికి ఈ మధ్య మూత తియ్యడానికి కూడా మనుషులు కావాలి" అని.

కథ మొదలైంది కళ్ళ డాక్టరు గారి మిషన్‌తో. కంటి లోపలి ఫోటోలు తీసే యంత్రానికి తగిలించిన కంప్యూటర్ అది. ఫ్యాను గోల చేస్తోందని ఆయన కాంపౌండరు మోసుకొచ్చాడు. రెండు నెలల కిందట దానికి పేస్టు మార్చి బిగించింది వదినే. మూత విప్పి, టార్చి వేసి చూస్తూ ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఇది నా చుక్క కాదు."

"నీ రంగేగా వదినా, ఇటుకరంగు?"

"రంగు నాదే. చుక్క నాది కాదు. నేను సగం తల మీద, సగం రేకు మీద పెడతాను. ఇది చూడు, స్క్రూ తలంతా పూసేశారు."

దిమ్మె ఎత్తింది. నాకు తెల్లటి పేస్టు తప్ప ఏమీ కనబడలేదు. ఆమెకి మాత్రం చేతిరాత కనబడింది. ఆమె మధ్యలో పెట్టిన గింజ నలిగితే గుండ్రంగా పాకుతుంది. ఇక్కడ ఎవరో అట్టముక్కతో అంచుల దాకా పల్చగా రాసినట్టుంది. "నా తర్వాత దీన్ని ఎవరో విప్పారు" అంది, ఇంట్లో దొంగలు పడ్డట్టుగా గొంతు తగ్గించి.

మొదటి అనుమానం కాంపౌండరు మీద. అది ఒక్క రోజే. మర్నాడు పొద్దున, ముందురోజు సాయంత్రం తనే బిగించి వెళ్ళిన వేరే మిషన్‌ని పరీక్ష పెట్టకముందే విప్పింది. అక్కడా స్క్రూ తలంతా పూసిన చుక్క, అట్టముక్కతో రాసిన పేస్టు. అంటే దొంగ బయటివాడు కాదు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఈశ్వరుడికి మా వదినకున్నంత తీరిక ఉండదు.

మూడు తాళంచెవులు. ఆమె పోగా ఇద్దరం. ఆ రోజంతా వదిన నన్ను ఓరకంట చూస్తూనే ఉంది. నేను ఏ పాపం ఎరగను, అయినా గుమ్మడికాయల దొంగలాగా భుజాలు తడుముకోవడం మొదలుపెట్టాను. అడగకుండానే "నేను నిన్న నీకంటే ముందే వెళ్ళిపోయాగా" అన్నాను. సాయంత్రం పాడైపోయిన మిషన్ ఒకటి నా ముందు పెట్టి, పాలిష్ చేతికిచ్చి, "ఏదీ, ఒక చుక్క పెట్టు" అంది. నా చేతిరాత చూడ్డానికి! ఒళ్ళు మండిపోయింది. ఇంటికెళ్ళి అన్నయ్యకి చెబితే, "దానికి స్క్రూడ్రైవర్ ఏ వైపు పట్టుకోవాలో కూడా తెలీదే" అని వదినతో అన్నాడు. అలా ఒకే మాటతో నన్ను కాపాడాడు, అవమానించాడు కూడా.

ఇక మిగిలింది బాబాయ్.

"ఆయనకేం అవసరం వదినా?"

"ఆరు వారాలు కొట్టు నడిపాడు కదా, రుచి మరిగాడు. వచ్చినవాళ్ళు 'పెద్దాయన ఉన్నారా' అని అడగడం నువ్వు వినట్లేదా? నేను చేసినవి పాడుచేసి, 'దీని చెయ్యి పోయింది, ఇక పెద్దాయనే దిక్కు' అనిపించుకుందామని."

ఇక్కడ నా తప్పు ఒకటుంది, చెప్పకపోతే అన్నం సహించదు. మంటలో నేనూ ఒక పుల్ల వేశాను. "మొన్న మెట్ల దగ్గర ఆయనా కాంపౌండరూ ఏదో గుసగుసలాడుతున్నారు" అన్నాను. మాట్లాడుకున్న మాట నిజమే. గుసగుస నేను కలిపాను. నా మీది అనుమానం పక్కకి జరుగుతోందన్న సంతోషంలో నోరు ఆగలేదు.

వదిన వల పన్నింది. డాక్టరు గారి మిషన్‌కి కొత్త కూలర్ బిగించి, నాలుగు స్క్రూల మీదా తన తల వెంట్రుక ఒక్కొక్కటి అడ్డంగా పరిచి, దాని మీద పాలిష్ పెట్టింది. దగ్గరగా చూస్తే తప్ప తెలియదు. మర్నాడు పొద్దున నన్ను లేపి, కాఫీ కూడా తాగనివ్వకుండా ఎనిమిదింబావుకల్లా కొట్టుకి లాక్కెళ్ళింది. మెట్లెక్కుతుంటే చెప్పులు చేత్తో పట్టుకోమంది. పట్టుకున్నాను.

తలుపు తీసే ఉంది. బాబాయ్ వదిన బల్ల మీదికి వంగి ఉన్నాడు. కళ్ళజోడు ముక్కు చివర, ఎడమచేతిలో డాక్టరు గారి కూలర్, కుడిచేతిలో అట్టముక్క. పక్కన దూది, స్పిరిటు, ఆ నెల పాలిష్ సీసా, అన్నీ వరసగా సర్దిపెట్టుకుని, తన సొంత బల్ల అన్నట్టే ఉన్నాడు.

"ఎంతకాలం నుంచి బాబాయ్?" అంది వదిన.

ఆయన ఉలిక్కిపడలేదు. కూలర్‌ని మెల్లగా బల్ల మీద పెట్టాడు. "పొద్దున్నే వచ్చారేంటమ్మా" అన్నాడు.

సరిగ్గా అదే సమయానికి మా వెనక కాంపౌండరు మెట్లెక్కి వచ్చాడు, మిషన్ తీసుకెళ్ళడానికి. అతను వచ్చాడని తెలిసి కూడా వదిన గొంతు తగ్గించలేదు. నాకు ఈనాటికీ బాధనిపించేది ఆ ముక్కే.

"నేను బిగించి సీలు వేసినవి దొంగచాటుగా విప్పుతున్నారు. మళ్ళీ నా రంగే పూసి కప్పెడుతున్నారు. మీకు తాళంచెవి ఇచ్చింది ఇందుకేనా? ఎందుకు చేశారో చెప్పండి."

బాబాయ్ కాంపౌండరు వైపు చూశాడు. నా వైపు చూశాడు. 

"ఈ ఒక్కటీ బిగించి వెళ్తాను" అన్నాడు.

"అక్కర్లేదు. నా పని నాకొచ్చు. రేపట్నుంచి మీరు రావద్దు."

ఆయన తన టీ గ్లాసు కడిగి, తుడిచి, సంచిలో పెట్టుకున్నాడు. తాళంచెవి నా కౌంటరు మీద పెట్టాడు. గుమ్మం దాటబోతూ, "నాలుగోది ఒకసారి చూసుకో అమ్మాయ్" అని వెళ్ళిపోయాడు.

"చూశావా పొగరు! పోతూ పోతూ కూడా నాకు పాఠం చెప్పి పోతున్నాడు" అంది వదిన. ఆ కోపంలోనే అప్పటికప్పుడు డాక్టరు గారి కూలర్ బిగించి, పరీక్ష కూడా పెట్టకుండా కాంపౌండరు చేతిలో పెట్టింది.

కాంపౌండరు నోట్లో నువ్వుగింజ నానదు. మధ్యాహ్నానికి కింద జిరాక్సాయన నన్ను ఆపి, "పెద్దాయన రహస్యంగా మిషన్లు విప్పేవాడటగా?" అన్నాడు. సాయంత్రానికి అది "లోపలి ముక్కలు మార్చేసేవాడట" అయింది. రెండు రోజులకి "దొంగతనం" దగ్గర ఆగింది. రిపేరు పని చేసేవాడికి మంచిపేరొక్కటే ఆస్తి. జనం తమ మిషన్ మూత విప్పి నీ ముందు పెట్టేది దాన్ని చూసే. బాబాయ్ పక్కవీధి కొట్టుకి వెళ్ళి, కూర్చోవడానికి ఒక మూల ఇస్తారా అని అడిగితే, వాళ్ళు "చూద్దాం" అన్నారట. నలభై ఏళ్ళ పనిమంతుడికి "చూద్దాం"!

నాలుగో రోజున డాక్టరు గారి మిషన్ తిరిగొచ్చింది. ఒక ముసలావిడ కన్ను ఫోటో తీస్తుండగా ఆరిపోయిందట. "పెద్దాయన ఏదో పాడుచేసి పోయుంటాడు" అన్నాడు కాంపౌండరు. వదిన అవునన్నట్టు తలూపింది. కానీ ఆ వారమే బిగించిన ఇంకో మూడు, బాబాయ్ నీడ కూడా పడనివి, పొద్దున పరీక్షకి పెడితే పది నిమిషాల్లో వేడెక్కి ఆరిపోయాయి.

అప్పుడు చూడాలి మా వదిన అనుమానాలు. మొదట పేస్టు నకిలీదంది. ఇంకో దుకాణం నుంచి తెప్పించింది. అదీ అంతే. కూలర్ల కంపెనీ రేకు మందం తగ్గించిందంది. కొట్టులో కరెంటు హెచ్చుతగ్గులంది. ఎలక్ట్రీషియన్ వచ్చి, మీటరు పెట్టి చూసి, టీ తాగి వెళ్ళాడు. నేను ఊడ్చేటప్పుడు దుమ్ము లేపుతున్నానంది. బాబాయ్ ఇంకో తాళంచెవి చేయించుకున్నాడేమోనని తాళం కప్పే మార్పించింది! ఆడలేక మద్దెల ఓడన్నట్టు ప్రపంచంలో ప్రతిదాన్నీ అనుమానించింది. నేను మాత్రం రోజూ కస్టమర్లకి సర్దిచెప్పలేక చస్తున్నాను.

చివరికి ఒక మధ్యాహ్నం ఆరిపోయిన నాలుగింటి కూలర్లూ ఊడదీసి, బల్ల మీద వెల్లకిలా వరసగా పెట్టింది. నాలుగింటి ముఖాలూ ఒకే దిక్కుకి. నన్ను పిలిచింది.

"ఏం కనిపిస్తోంది?"

ఈసారి నాకూ కనిపించింది. మూడు మూలల్లో పేస్టు పల్చగా, లోహం తళుక్కుమనేట్టు ఉంది. నాలుగో మూలలో మాత్రం వెన్నముద్దలా మందంగా ఉండిపోయింది. నాలుగింట్లోనూ అదే మూల.

 వదిన డాక్టరు గారి మిషన్ తీసి, పేస్టు తుడిచి, కొత్తది పెట్టి, నాలుగు స్క్రూలూ ఎప్పటిలాగే మూల మార్చి మూల బిగించుకుంటూ వచ్చింది. ఒకటోది. దాని ఎదుటిది. మూడోది. నాలుగోది, చేతులు అలిసిపోయాక చివర్న వచ్చేది. అది మొరాయించేదాకా తిప్పి ఆగింది. స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చింది.

"ఇది తిప్పు."

"నాకేం తెలుసు వదినా?"

"తిప్పవే."

తిప్పాను. జన్మలో స్క్రూడ్రైవర్ పట్టని నా చేతికి ఆ స్క్రూ తేలిగ్గా ఇంకో చుట్టు తిరిగింది. ఆ తర్వాత ఇంకో అరచుట్టు. అప్పుడు ఆగింది.

వదిన తన కుడిచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంది. నాకు కాఫీ పొడి సీసా గుర్తొచ్చింది. మూత వదులుగా వదిలేసిన పాలిష్ సీసా గుర్తొచ్చింది. రోజూ నా కళ్ళ ముందే జరుగుతుంటే మహారాణి వేషాలనుకున్నాను. అనుమానం వదినొక్కదాని జబ్బే అనుకున్నానా, నాకూ ఉందది. సిగ్గుతో చచ్చిపోయాను.

"పద" అంది వదిన.

బాబాయ్ ఉండేది ఇరుకు సందులో, మేడ మీద ఒంటి గది. తలుపు ఆయన భార్య తీసింది, సగమే. మమ్మల్ని చూసి ఆ సగం కూడా దగ్గరికి వేసింది.

"మళ్ళీ ఏం పోయిందమ్మా మీ కొట్టులో?"

  లోపల్నుంచి బాబాయ్ గొంతు వినిపించింది: "రానియ్యవే." ఆమె మళ్ళీ సగం తలుపే తీసింది, మేం గుమ్మంలోనే నిలబడ్డాం. ఆయన మంచం మీద పాత రేడియో ఒకటి విప్పుకుని కూర్చున్నాడు. తలెత్తకుండానే అడిగాడు.

"ఎన్ని ఆరిపోయాయి?"

"నాలుగు" అంది వదిన.

"నాలుగేనా? నయం. ఆరేడు అనుకున్నాను."

"నాకెందుకు చెప్పలేదు బాబాయ్? నా చెయ్యి బిగించడం లేదని ఒక్క మాట చెబితే పోయేదిగా!" వదిన కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదలు. కట్టు వేసినప్పుడు కూడా ఏడవలేదు.

బాబాయ్ రేడియో పక్కన పెట్టాడు.

"విరిగిన చెయ్యి అమ్మాయ్. పూర్తిగా బలం రావడానికి ఏడాది పడుతుంది. వస్తుంది, తప్పకుండా వస్తుంది. ఈలోగా నేను పొద్దున్నే వచ్చి ఒక చుట్టు తిప్పితే పోయిందేముంది? పేస్టు ఒక పక్క ముద్దకట్టినప్పుడు పైపైన బిగిస్తే లాభం లేదు కాబట్టి, తుడిచి మళ్ళీ రాసేవాణ్ణి."

"అందరి ముందూ అన్ని మాటలన్నానే. అప్పుడైనా చెప్పొచ్చుగా!"

"కాంపౌండరు ముందా? నీ చెయ్యి పోయిందని వాడు ఊరంతా చాటడానికా?" అన్నాడు ఆయన. "అయినా నీ అనుమానం సంగతి నాకు తెలీదా? అది ఒకసారి నీ చేతి మీదకి మళ్ళిందంటే, ఇక నిన్ను ఏ పనీ చెయ్యనివ్వదు. నా మీద ఉంటేనే నయం అనుకున్నాను."

ఆయన భార్య అప్పుడు తలుపు పూర్తిగా తీసింది. ఆమెకీ ఈ సంగతి తెలియదట. "ఇన్నాళ్ళూ నాతో కూడా చెప్పలేదే!" అని మొగుడి మీద విరుచుకుపడింది. మేమిద్దరం అక్కడే నిలబడి ఆయన తిట్లు తినడం చూశాము. మాకు పడాల్సినవి అవి.

మర్నాడు వదిన డాక్టరు గారి మిషన్‌ని మళ్ళీ విప్పింది గానీ మా కొట్టులో బిగించలేదు. నా చేతా బాబాయ్ చేతా సామాను మోయించుకుని నేరుగా కళ్ళాసుపత్రికే వెళ్ళింది. ముందు హాల్లో కళ్ళలో చుక్కలు వేయించుకుని పదిమంది కూర్చున్నారు. వాళ్ళకి చూపు మసకేగానీ చెవులు భేషుగ్గా ఉన్నాయి. వదిన హాలు మధ్యలో బల్ల లాక్కుని, కాంపౌండరుని ఎదురుగా నిలబెట్టింది.

"ఆ రోజు నీ ముందు అన్నాను కాబట్టి నీ ముందే చెబుతున్నా. బాబాయ్ ఏదీ పాడుచెయ్యలేదు, ఏదీ తియ్యలేదు. విరిగిన తర్వాత నా చేతికి స్క్రూ బిగించే బలం లేదు. నాకు తెలీలేదు. ఆయనకి తెలిసి, నేను సగంలో వదిలినవన్నీ ఆయనే సరిచేశాడు. ఇదీ ఊళ్ళో చెప్పు. అది చెప్పినంత తొందరగా చెప్పు."

కాంపౌండరు నేల చూపులు చూశాడు. "మేడం, నేను అలా..." అని నసిగాడు. చుక్కలు వేసుకున్నవాళ్ళలో ఒకాయన, "రేడియోలు బాగు చేసే నిదానం గారేనా? ఆయన దొంగేంటండీ!" అన్నాడు, ఏ దిక్కున ఉన్నామో తెలియక గోడకేసి చూస్తూ. బాబాయ్ దగ్గినట్టు నటించి మొహం తిప్పుకున్నాడు.

వదిన పేస్టు పెట్టింది, అదే బఠాణీ గింజంత. దిమ్మె దించింది. ఒకటో స్క్రూ, దాని ఎదుటిది, మూడోది. ఆ మూడూ ఆగి ఆగి, అలుపు తీర్చుకుంటూ, తన చేత్తోనే బిగించింది. నేను తిప్పి చూశాను, ఒక్క వెంట్రుకవాసి కూడా కదల్లేదు. నాలుగోదాని దగ్గర స్క్రూడ్రైవర్ బాబాయ్‌కి అందించింది. ఆయన నిదానంగా తిప్పాడు. ఒక చుట్టు, ఇంకో చుట్టు, మరో అరచుట్టు. అక్కడే పరీక్ష పెట్టాము. గంటసేపు ఆ పదిమందీ, డాక్టరు గారూ వేచి ఉన్నారు. వేడి ఎక్కి, హద్దు లోపలే ఆగిపోయింది.

ఇక సీలు. వదిన సంచిలోంచి పాలిష్ సీసా తీసి, ఒక్కసారి తిప్పబోయి ఆగి, అందరి ముందూ నాకు అందించింది.

"మూత తియ్యవే రేడియో. నాకు రావట్లేదు."

తీసి ఇచ్చాను. ఒకటో స్క్రూ మీద చుక్క పెట్టింది, సగం తల మీద, సగం రేకు మీద. రెండోదాని మీద, మూడోదాని మీద. కుంచె సీసాలో పెట్టేసింది.

"నాలుగోది మర్చిపోయావ్ వదినా."

"మర్చిపోలేదు. అది బాబాయ్ బిగించింది. దానికి సీలు అక్కర్లేదు."

నేను సీసా తీసుకుని మూత పెట్టాను. మరీ గట్టిగా బిగించలేదు.